ఆ ఓండ్ర నాది

గురువారం సాయంత్రం ఆరింటికి
బెల్మీరో కెఫేలో ఫుట్‌బాల్ ఆపేసి కార్టూన్ పెడతారు.
మిరాండాలో గాడిదలు తగ్గిపోయాయి గానీ
టీవీలో ఒకటి మిగిలింది:
నీలం దుప్పటి మెడకు కట్టుకున్న కెప్టెన్ జెరీకు.

దాని బలం ఒక్కటే. నిలబడితే కదలదు.
బుల్డోజరు రానీ, బ్యాంకు దొంగల లారీ రానీ,
నాలుగు కాళ్లూ నేలలో దిగేసి
చెవులు వెనక్కి వాల్చి
ఒక్క ఓండ్ర పెడుతుంది.

ఆ ఓండ్ర నాది.
నెలకోసారి బస్సెక్కి లిస్బన్ వెళ్లి
అద్దాల గదిలో అరిచి వస్తాను.
ఈ ఊళ్లో ఎవరికీ చెప్పలేదు.
పళ్ల డాక్టరు దగ్గరికని అనుకుంటారు.

జుల్మీరా అవ్వ గ్లాసు పక్కకు జరిపింది:
"ఏ గాడిదా దుప్పటి కట్టుకుని ఊరు కాయదు.
ముందు ఆ దుప్పటిని నమిలేస్తుంది.
బొమ్మ గీసినవాడు గాడిదని పోస్టుకార్డు మీద చూసుంటాడు.
కంటి కింద తడి ఏది? తడి మీద ఈగ ఏది?"
ఆగి, మళ్లీ తనే:
"అరుపు మాత్రం అసలుది.
పాపం, ఏ గాడిదని పట్టి అరిపించారో."
నేను కాఫీలో చెంచా తిప్పుతూనే ఉన్నాను,
చక్కెర వేయకుండానే.

మందుల షాపు అదేరీతుకి ఒళ్లు మంట:
"మావాడు దగ్గుమందు తాగమంటే
వంటింటి మధ్యలో జెరీకులా నిలబడ్డాడు.
నలభై నిమిషాలు!
పాలు పొంగి స్టవ్ ఆరింది, వాడు కదల్లేదు."

"ఎవరినీ కొట్టకుండా గెలుస్తుంది, అది నచ్చింది నాకు"
అన్నాడు బెల్మీరో గ్లాసు తుడుస్తూ.
"పైగా చాక్లెట్ పాలు నాలుగు ఎక్కువ పోతాయి."

పంతులు ఫౌస్తీను వేలెత్తాడు, క్లాసులో ఉన్నట్టే:
"ఎవరికి అడ్డం నిలబడుతోందో చూడండి.
మొదట్లో నది మీద ఆనకట్ట కట్టేవాళ్లకి.
ఇప్పుడు ఉత్త చిల్లర దొంగలకి.
గాడిద అదే. గడ్డి వేసే చెయ్యి మారింది."

ఇరియాని ఎవరూ అడగలేదు.
ఏడేళ్లు, ముందు పన్ను లేదు,
స్ట్రా ఆ సందులో ఇరికించుకుని చెప్పింది:
"ఎగరడం మొదలెట్టాక బాలేదు.
ఎగిరేవాళ్లు బోలెడుమంది ఉన్నారు.
నిలబడేది ఇదొక్కటే కదా."

అవసరమైతే గాడిద కాళ్లైనా పట్టుకోవాలంటారు.
మా నాన్న రోజూ పట్టుకున్నాడు,
ఒళ్లో పెట్టుకుని లాడాలు కొట్టాడు.
ఓండ్ర ఊపిరి లోపలికి పీలుస్తూ మొదలవుతుందని
ఆ పాకలోనే నేర్చుకున్నాను.
స్టూడియోలో వాళ్లకది తెలియదు,
బయటికి ఊదుతూ మొదలెట్టమంటారు.

మా చివరి గాడిద రూసా.
అమ్మేసిన రోజు లారీ చెక్క ముందు నిలబడిపోయింది.
ఇద్దరు లాగారు, ఇద్దరు నెట్టారు,
నాన్న తాడు వదిలేసి కొట్టం వెనక్కి వెళ్లిపోయాడు.
అప్పుడు అరిచింది.
నేను అరిచేది అదే, ప్రతిసారీ,
పిల్లలు చప్పట్లు కొట్టేది దానికే.
ఒక్క తేడా ఉంది.
టీవీలో గాడిద కదలదు.
రూసా కదిలింది.

వచ్చే వారం మూడో సీజను రికార్డింగు.
"గాల్లోకి లేస్తూ సంతోషంగా ఒక అరుపు,
కొంచెం ముద్దుగా" అని కాగితం పంపారు.
జేబులో నాలుగు మడతలుగా ఉంది.

"నీకెలా ఉంది తుమే, ఏమీ మాట్లాడవు?"
అవ్వ అడిగింది.
కార్టూన్ల సంగతి నాకంతగా తెలియదన్నాను.
గొంతు సవరించుకుని అన్నాను.
ఇరియా స్ట్రా తీసి నావైపు చూసింది,
అవసరమైన దానికంటే కాస్త ఎక్కువసేపు.

బిల్లు కట్టి లేచాను.
గుమ్మంలో ఆగిపోయాను ఎందుకో.
సంచీతో లోపలికొస్తున్న పోస్ట్‌మాన్
"అడ్డం తప్పుకోవయ్యా" అన్నాడు.
తప్పుకున్నాను.
వెంటనే కాదు.